నీడ మరిగిన పొర

భరణి కార్తె, మొదటి పాదం

టీవీ వాళ్లు పొద్దున దిగారు. బండ్ల నిండా గుడారాలు, తీగలు, అద్దాలు. వాళ్ల మేనేజరు పేరు ప్రభంజన్. ఎండలో కప్పుకునే పొరను పెంచే ప్రతి ఇంటికీ వచ్చి, పోటీ అయ్యేదాకా దాన్ని ఎలా సాకుతున్నదీ రాసి పెట్టమన్నాడు. తర్వాత చూసేవాళ్లకు అందులో కొంత చదివి వినిపిస్తారట. మా ఇంట్లో బడికి పోయింది నేనొక్కదాన్నే కాబట్టి ఈ పని నాకు పడింది.

నా పేరు ఓబుళమ్మ. మా ఊరు జాజిమిట్ట. ఇంట్లో మేం ముగ్గురం. నేను, నా భర్త ఎర్రిస్వామి, మా అత్త సాలమ్మ.

ఈ పోటీ పేరు 'సింగారం'. ఇప్పటికి ఆరుసార్లు జరిగింది. ఆరూ పట్నంలో, ఎండ పడకుండా ఊరి మీద వేసుకున్న కప్పు కిందే. కుట్టేవాళ్లు వస్తారు, వారానికి కొందరు ఇంటికి పోతారు, చివరికి ఒకరు మిగులుతారు. ఏడోసారి మాత్రం కప్పు కింద కాదు, బయట అని చాటారు. చివరి నడక రోహిణి కార్తెలో, మిట్టమధ్యాహ్నం, మా ఊరి పరుపుబండ మీద. ఎవరు కట్టిన బట్ట వాళ్లే తొడుక్కుని ఆ కొస దాకా పోయి రావాలి.

ఆ మాట విని మా అత్త ప్రభంజన్‌ను అడిగింది, "ఏం నాయనా, పట్నంలో సావు దొరకలేదా మీకు?"

ఆయన నవ్వాడు. జోకు అనుకున్నాడు.

తల్లిపొరకు గంజి పోసి పడుకోవాలి. రేపు రాస్తాను.

భరణి, రెండో పాదం

తల్లిపొర నడింట్లో నల్లబండ మీద ఉంటుంది. రెండు దుప్పట్లంత వెడల్పు. ఉల్లిగడ్డ లోపలి పొర రంగు. పొద్దున పల్చటి గంజి, సాయంత్రం బెల్లం నీళ్లు పోస్తాం. పోసినప్పుడు చెవి దగ్గర పెడితే అది తాగే చప్పుడు వినిపిస్తుంది. పెళ్లయి ఇంటికి వచ్చిన కొత్తలో ఆ చప్పుడు వినడానికే నేను గంజి పోసే పని తీసుకున్నాను. ఇప్పటికీ వేరేవాళ్లకు ఇవ్వలేదు.

తల్లి కావాలంటే పొర ముందు చాలా ఎండలు చూసి ఉండాలి. దీన్ని మా అత్తకు అత్త ఇరవై వేసవులు కప్పుకుని మేకలు కాసిందట. తర్వాత బండ మీదికి ఎక్కించారు. అంచు లావెక్కితే పిల్ల వస్తుందని గుర్తు. ఆ లావు అంచును మెల్లగా లేపి వేరే పళ్లెంలో పరిస్తే నెలకు దుప్పటంత అవుతుంది.

పోయిన ఏడు తెల్లబూజు తగిలి ఊళ్లో తల్లులన్నీ పోయాయి. కప్పుకునే పాత పొరలు కూడా కాల్చేశాం. మా తల్లి ఒక్కటి మిగిలింది. అందువల్ల ఈ ఏడు జాజిమిట్టలో ఎవరి ఒంటి మీద ఉన్న పొరైనా దీని పిల్లే.

పిల్లపొరను మచ్చిక చేయాలి. ఇంటివాళ్లు దాన్ని కప్పుకుని రోజువారీ పనులకు పోవాలి. ఒంటి చెమట తాగుతూ, ఎండ ఎక్కేకొద్దీ కన్నాలు తెరవడం నేర్చుకుంటుంది. అది తెరిస్తేనే లోపల మనిషి చల్లగా ఉంటాడు. మచ్చిక అయ్యాక ఎవరు కప్పుకున్నా పనిచేస్తుంది. పొర లేకుండా మధ్యాహ్నం బయటికి పోయిన మనిషిని నేను ఒక్కసారి చూశాను. ఇంట్లోకి మోసుకొచ్చేసరికి ఆయన పెళ్లాం పేరు కూడా మర్చిపోయాడు.

భరణి, మూడో పాదం

పోటీకి వచ్చినవాళ్లను ఇంటికి ఒకరిని పంచారు. పొరతో బట్ట కట్టేవాళ్లకు ఆ ఇంటివాళ్లు ఒక పిల్లపొరను మచ్చిక చేసి ఇవ్వాలి. మాకు వచ్చిన పాప పేరు తబస్సుమ్. పాతికేళ్లుంటాయి. సన్నగా, చేతులు పొడుగ్గా ఉంది. గడపలో చెప్పులు విప్పకముందే "తల్లిపొర ఎక్కడక్కా?" అని అడిగింది.

చూపించాను. దాని పక్కన కూర్చుంది. ఊపిరి పీల్చినట్టు అది కొంచెం లేచి, కొంచెం దిగుతూ ఉంటుంది కదా, ఆ పాప భుజాలు కూడా దాంతోపాటు లేచి దిగుతున్నాయి. తనకు తెలిసినట్టు లేదు.

"ముట్టుకోవచ్చా?"

"చెయ్యి కడుక్కోని ముట్టుకో. సబ్బు వద్దు," అంది అత్త.

ముట్టుకుంది. వెంటనే చెయ్యి వెనక్కి తీసుకుంది. "ఇది నన్ను చూసింది," అంది.

"సూస్తాది. అన్నం తిన్యావా?"

తింటూ తన సంగతి చెప్పింది. వాళ్ల అమ్మ కుట్టుపని చేస్తుంది. ఇల్లు కప్పు చివర. కప్పు చివర ఉన్నవాళ్లకు మధ్యాహ్నం దాకా ఎండ ఇంట్లోకి పడుతుందట. వాళ్ల అమ్మకు ఒళ్లంతా బొబ్బలు, కళ్లు సగం పోయాయి. 'సింగారం' గెలిచినవాళ్లకు కప్పు నడుమ ఇల్లు ఇస్తారు. పూర్తి నీడ. ఇదివరకు రెండుసార్లు పోటీకి వచ్చి మధ్యలో ఇంటికి పోయింది. మూడోసారి తర్వాత ఇక రానివ్వరు.

"ఓడిపోతే?" అన్నాడు నా భర్త.

"ఓడిపోనన్నా," అంది. పప్పు ఇంకొంచెం వేసుకుంది.

భరణి, నాలుగో పాదం

ఈ వారమంతా మచ్చికను షూటింగ్ చేశారు. ఇల్లిల్లూ తిరిగి కెమెరాలు పెట్టారు. ఊరు ఊరంతా తయారైంది. ఎదురింటి నాగలింగం తలకు నూనె పట్టించి, పట్టుపంచె మీద పొర కప్పుకుని వసారాలో ఫ్యాను కింద కూర్చున్నాడు. మేకల మందలో పొర మాసిపోతే టీవీలో బాగుండదని అందరూ పొద్దు పొడవకముందే మేకలను తోలుకుపోయి ఎండ రాకముందే తిరిగొచ్చారు. మేమూ అంతే. నేను పెళ్లినాటి చీర తీశాను. అత్త అద్దం ముందు నుంచి లేవలేదు.

"ఎర్రీ, నా పండ్లు కనపడ్తాయా నవ్వితే?"

"ఉన్నవి రెండే గదమ్మా, అవి కనపడ్తాయిలే."

ఈ ముక్క టీవీలో వేస్తామన్నారు.

కృత్తిక కార్తె, మొదటి పాదం

మొదటి పరీక్ష. పరుపుబండ మీద కాదు, గుడారం బయట కాసేపు నిలబడాలి, అంతే. నలుగురు పొరలు కట్టుకుని వచ్చారు. ఒకరు రెక్కల్లాంటి భుజాలు పెట్టారు. ఒకరు పొరను సన్నటి పట్టీలుగా చీల్చి అల్లారు. చూడ్డానికి చాలా బాగున్నాయి. ఎండలోకి అడుగు పెట్టగానే నాలుగు పొరలూ ముడుచుకున్నాయి. కన్నాలు తెరవడం కాదు, ఉన్నవి మూసుకున్నాయి. రెక్కలు పెట్టినాయన అరిచాడు. తడిగుడ్డ చుట్టి లోపలికి లాక్కొచ్చారు. ఒళ్లు కాలి, పొర చర్మానికి అంటుకుంది. నూనె రాసి విప్పడానికి సాయంత్రమైంది.

ఎక్కువ చీల్చినందుకు అలా జరిగిందన్నారు న్యాయనిర్ణేతలు. ఇద్దరు ఇంటికి పోయారు.

తబస్సుమ్ చీల్చలేదు. ఊరికే చుట్టుకుంది. తనదీ ముడుచుకుంది. వెంటనే గుడారంలోకి వచ్చేసింది కాబట్టి కాలలేదు.

కృత్తిక, మూడో పాదం

రెండో పరీక్షలో కూడా అంతే. గంజి చిక్కగా పోసి చూశాం, పల్చగా పోసి చూశాం. చింతపండు నీళ్లతో కడిగాం. బూజు మళ్లీ వచ్చిందేమోనని అత్త పొరను నాలుక మీద పెట్టుకుని చూసింది. బూజు లేదు. పొర నిగనిగలాడుతోంది. ఇంత ఆరోగ్యంగా ఉన్న పిల్లపొరలను నేను ఈ ఇంట్లో చూడలేదు.

పోటీలో ఇప్పుడు ఇద్దరే మిగిలారు. తబస్సుమ్, కీర్తివర్ధన్ అనే అబ్బాయి. అతను పొర వాడడు. సన్నటి గొట్టాల్లో మంచు నీళ్లు తిరిగే బట్ట కట్టాడు. పొరలు వాడిన మిగతావాళ్లంతా పోయారు. తబస్సుమ్‌ను ఎందుకు ఉంచారంటే, తను కట్టిన కట్టు వాళ్లకు నచ్చింది. అది మా అత్త దగ్గర నేర్చుకుంది.

అత్త పొలం పనికి చీర గోచి పోసి కడుతుంది. తబస్సుమ్ ఆమె చుట్టూ తిరిగి తిరిగి చూసి, మొలలో దోపిన కొస ఎక్కడికి పోయిందో అర్థం కాక, చివరికి ఆమె నడుములో చెయ్యి పెట్టింది.

"ఏందిమే, నన్ను గూడా పోటీకి తీసుకపోతావా?"

"ఒక్క కుట్టు లేకుండా ఇదెలా నిలబడిందవ్వా?"

"కడుపు నిండా తింటే నిలబడ్తాది."

కత్తెర పెట్టకుండా, సూది గుచ్చకుండా, పొర మొత్తాన్ని ఒకే ముక్కగా మడతలు పెట్టి కడుతోంది పాప. నడిస్తే మడతల్లోంచి మడతలు వస్తాయి. అంత అందమైన కట్టులో అది ముడుచుకుని చచ్చినట్టు ఉండటం చూడలేకపోయాను.

కృత్తిక, నాలుగో పాదం

ఇవాళ కారణం తెలిసింది. మేక ఒకటి తప్పిపోతే వెతకడానికి నా భర్త తన పొర కప్పుకుని పదకొండింటికి బయటికి పోయాడు. ఈ ఏడు ఆ వేళకు బయటికి పోవడం ఊళ్లో అదే మొదలు. పెరటి దిడ్డి దాటకముందే వెనక్కి పరిగెత్తుకొచ్చాడు. మెడ మీద చర్మం లేచిపోయింది.

ఆయనకు కలబంద రాస్తూ అత్త అడిగింది, "నీ పొర ఏం ఎండ సూసిందిరా ఈ యేడు?"

పైన ఫ్యాను తిరుగుతోంది. అందరం దాని వంక చూశాం.

మచ్చిక రోజులన్నీ మేం నీడలో కూర్చున్నాం. ఫ్యాను కింద, నవ్వుతూ, పట్టుబట్టల మీద. పొరలు మా దగ్గర నేర్చుకున్నది అదే. ఎండ అంటే ఏమిటో వాటికి తెలియదు. తెలియనిది తగిలితే ముడుచుకుంటాయి. ఇప్పుడు నేర్పుదామంటే మరిగిన పొర మళ్లీ మచ్చిక కాదు. టీవీ వాళ్లు అలా కూర్చోమని చెప్పలేదు. మేమే కూర్చున్నాం.

ఊళ్లో అందరి పొరలూ అలాంటివే. ఈ వేసవి ఎలా గడుస్తుందో ఆలోచించడానికి కూడా ఎవరికీ ధైర్యం లేదు.

తబస్సుమ్‌కు నేనే చెప్పాను.

"మా పోటీ కోసమే కదక్కా మీరు అలంకరించుకున్నారు," అంది. తర్వాత "నేను మాత్రం నడుస్తాను," అంది.

"ముడుచుకుంటే సచ్చిపోతావు పాపా."

"పరిగెత్తుతాను."

పరుపుబండ మీద పరిగెత్తినవాళ్లు లేరు.

రోహిణి కార్తె, మొదటి పాదం

ఇవాళ పొద్దున అత్త నల్లబండ దగ్గర కూర్చుని, తబస్సుమ్ పొర తెమ్మంది.

పొరను పొర మీద పడుకోబెడితే పెద్దది చిన్నదానికి నేర్పుతుంది. అత్త తన చిన్నప్పుడు ఒక్కసారి చూసిందట. నేర్పేటప్పుడు పెద్దది తన నీళ్లన్నీ చిన్నదానికి ఇచ్చేస్తుంది. తర్వాత మిగలదు.

నా భర్త అడ్డం వచ్చాడు. "అమ్మా, ఊరికంతా అదొక్కటే తల్లి. అది పోతే వచ్చే యేడు పిల్ల యాడనుంచి వస్తాది? జనం మన్నేమంటారు?"

"ఆ పాప మన ఇంటి పొర కప్పుకోని అందరి ముందర కాలి సస్తే ఏమంటారు?"

"పోవద్దని చెప్తే సరిపోతాది గదా."

"చెప్పింది గదా నీ పెండ్లాం. ఇన్యాదా?" అత్త తల్లిపొర మీద చెయ్యి వేసింది. "మచ్చిక తప్పింది మనది. మనింటి పొర మనిషిని కాల్చిందంటే ఇంగ ఇది బండ మీద ఉండి ఏంటికి? పూజ చేసుకుంటామా?"

ఊరి పెద్దలను పిలిచాం. నాగలింగం మొదట కోపపడ్డాడు. అత్త అతని తలనూనె సంగతి ఎత్తగానే కూర్చున్నాడు. చివరికి ఒక మాట మీదికి వచ్చారు. తల్లి పోయినా అది నేర్పింది పాప పొరలో ఉంటుంది. నడక అయ్యాక ఆ పొరను ఊరికి ఇచ్చేస్తే, దాన్ని బండ మీదికి ఎక్కిస్తే, అదే తల్లి అవుతుంది. తబస్సుమ్ ఒప్పుకుంది. అత్త చేతిలో చెయ్యి వేసింది.

మధ్యాహ్నం పడుకోబెట్టాం. చిన్నది పైన, పెద్దది కింద. ముందు ఏమీ కాలేదు. తర్వాత నడింట్లో తడిమట్టి వాసన వచ్చింది. దండెం మీద ఆరేసిన మా పొరలు గాలి లేకపోయినా అటువైపు తిరిగాయి. తల్లిని ఎప్పుడు కదిలించినా అవి అలా తిరుగుతాయి. గాలికేనని అంటారు మావాళ్లు.

రోహిణి, రెండో పాదం

తల్లిపొర ఎండిపోయింది. అప్పడంలాగా అయింది. గంజి పోశాను, అలవాటు కొద్దీ. పక్కనుంచి కారిపోయింది. చెవి పెట్టాను. చప్పుడు లేదు.

ఈ సంగతి అయ్యాక ప్రభంజన్ వచ్చాడు. గెలిచిన బట్ట 'సింగారం' వాళ్ల సొత్తు అవుతుందట. ఆరు సీజన్లవీ పట్నం నడుమ అద్దాల పెట్టెల్లో ఉన్నాయట. ఏడోది కూడా అక్కడికే పోవాలి. తబస్సుమ్ రాకముందే ఒప్పుకుని సంతకం పెట్టింది. ఓడినవాళ్ల బట్ట వాళ్లకే ఇచ్చేస్తారు.

పాప సంతకం పెట్టిన కాగితం తీసి చూసింది. "నాకు గుర్తు లేదక్కా. రెండుసార్లూ ఓడాను కదా, ఆ ముక్క ఎప్పుడూ అవసరం రాలేదు."

నా భర్త లెక్క తేల్చాడు. "గెలిస్తే పొర పోతాది. ఓడితే ఉంటాది."

అంటే పాప గెలిస్తే ఊరికి ఇక తల్లి లేదు. ఓడితే వాళ్లమ్మకు నీడ లేదు. అన్నం ఎవరికీ సహించలేదు.

అత్త మాత్రం తిన్నది. "ముందు బతికి రానీండి," అంది.

నేను నిజం రాస్తున్నాను. ఆ పాప ప్రాణంతో తిరిగి రావాలని, ఓడిపోవాలని దండం పెట్టుకున్నాను.

రోహిణి, మూడో పాదం

ఇవాళ నడక అయింది. వరుసగా రాస్తాను.

పరుపుబండ ఊరికి తూర్పున ఉంది. చెట్టు లేదు, గడ్డి లేదు. ఈ కొస నుంచి ఆ కొసకు పిలిస్తే వినపడదు. పదింటికి మొదలై దాని మీద గాలి వణుకుతుంది. అవతల ఉన్న గూబలకొండ నీళ్లలో పెట్టినట్టు ఊగుతుంది. ఈ కొసన మాకు గుడారం వేశారు. ఊరంతా అందులో కూర్చున్నాం. అందరం పొరలు కప్పుకున్నాం, పనికిరానివే అయినా. కప్పుకోకుండా బయటికి రావడం మాకు అలవాటు లేదు. న్యాయనిర్ణేతలు, కెమెరా వాళ్లు అద్దాల గదిలో చల్లగా ఉన్నారు. మనిషి పడిపోతే తేవడానికి ఒక తెల్లబండి నిలబెట్టారు.

ముందు కీర్తివర్ధన్ నడిచాడు. తెల్లటి బట్ట, లోపల నీళ్ల గొట్టాలు మెరుస్తూ, కొంగ నడిచినట్టు నడిచాడు. మోటారు చప్పుడు మా దాకా వచ్చింది. ఆ కొస తాకి తిరిగి వచ్చాడు. బాగుంది. నేను కూడా చప్పట్లు కొట్టాను.

తర్వాత తబస్సుమ్. పొరకు రెండు రోజులుగా ఉల్లిపొట్టు నీళ్లు తాగించింది. ఇటుక రంగు వచ్చింది. గోచి పోసి, మడతలు ముందుకు విడిచి, కొసను తల మీదుగా తెచ్చి మెడ దగ్గర దోపింది. గుడారం దాటే ముందు అత్త దాన్ని ఒకసారి సర్దింది.

"పరిగెత్తొద్దు. దానికి ఎండ వినపడాల. నిదానంగా పో."

పోయింది. సగం బండ దాకా మడతలు మూసుకునే ఉన్నాయి. ముడుచుకోలేదు, తెరవలేదు. నా భర్త నా చెయ్యి పట్టుకున్నాడు. ఆ కొసకు చేరింది. చేరి ఆగిపోయింది. మాకు వీపు పెట్టి నిలబడింది. ప్రభంజన్ మైకులో పిలిచాడు, "తబస్సుమ్, బాగున్నావా? చెయ్యి ఎత్తు." ఎత్తలేదు. తెల్లబండి ఇంజను మొదలైంది.

అత్త లేచి బండికి అడ్డంగా చెయ్యి చాపింది. "ఎవరూ పోవద్దండి. దాన్ని ఇననీండి."

అప్పుడు తెరుచుకుంది.

గుడారంలో పెట్టిన టీవీ తెర మీద దగ్గరగా కనిపించింది. మొదట మెడ దగ్గర. అక్కణ్ణించి మడత తర్వాత మడత, కిందికి. ప్రతి మడతలోనూ లెక్కలేనన్ని సన్నటి నోళ్లు విచ్చుకున్నాయి. ఆ ఇటుక రంగు లోపల ఉల్లిగడ్డ రంగు, మా తల్లిపొర రంగు బయటపడింది. పాప ఇటు తిరిగి నడవసాగింది. ఆమె చుట్టూ గాలి వణకడం ఆగిపోయింది. చుట్టూ బండంతా ఊగుతోంది, ఆమె ఉన్నచోట మాత్రం నిలకడగా ఉంది. ఆమె వెనక గూబలకొండ అంతమేరకు స్పష్టంగా కనిపించింది. ఆమె కదిలితే ఆ తేటతనం ఆమెతో కదిలింది. ఎవరో గాలిని గుడ్డతో తుడుస్తూ వస్తున్నట్టు ఉంది.

గుడారంలో అందరం ముందుకు జరిగాం.

నా భుజం మీద ఏదో కదిలింది. ఈగ అనుకుని తట్టాను. ఈగ కాదు. నా పొర. ఫ్యాను కింద పెరిగిన నా పొర నోళ్లు తెరుస్తోంది. పక్కకు చూశాను. నా భర్త మీదిది తెరుచుకుంటోంది. నాగలింగం మీదిది, అతని పెళ్లాం మీదిది. వడ్లు నానబెట్టినప్పుడు వచ్చే చప్పుడు గుడారమంతా వచ్చింది. నేను గంజి పోసినప్పుడు వినే చప్పుడు అది. తడిమట్టి వాసన వచ్చింది. ఆ పాప ఇంకా పిలుపు దూరంలో కూడా లేదు. ముట్టుకోకుండా, పడుకోబెట్టకుండా, అంత దూరం నుంచి ఒక పొర ఇన్నిటికి ఎలా చెప్పిందో నాకు తెలియదు. ఎవరికీ తెలియదు. అవన్నీ ఒక తల్లి పిల్లలని మాత్రం తెలుసు.

అత్త గుడారం బయటికి అడుగు వేసింది.

"అత్తా, యాడికి?"

"సూసొస్తా."

మిట్టమధ్యాహ్నం, రోహిణి ఎండలోకి, రెండు పళ్ల ముసలిది ఒక్కతే నడిచి పోయింది. పది అడుగులు పోయి నిలబడి వెనక్కి తిరిగింది.

"ఏం సూస్తాండారు? రాండి. సల్లగుండాది."

అందరం లేచాం. చంటిపిల్లలను ఎత్తుకున్నవాళ్లు కూడా వచ్చారు. మేం పోయేకొద్దీ బండ మీద గాలి నిలిచింది. చివరికి మొత్తం పరుపుబండ మీద ఎక్కడా ఏదీ వణకలేదు. కాపురానికి వచ్చిన నాటి నుంచి మధ్యాహ్నం పూట గూబలకొండను ఊగుతూనే చూశాను. అది రాయి అని, దాని మీద పగుళ్లు ఉన్నాయని, ఒక పగులులో ఏదో మొక్క ఉందని ఇవాళ చూశాను. బండ సందులోంచి ఒక తొండ బయటికి వచ్చి మా కాళ్ల మధ్య కూర్చుంది. ఎవరూ దాన్ని తరమలేదు.

తబస్సుమ్ మా దగ్గరికి వచ్చింది. ఆమెకు చెమట లేదు. ఏడుస్తోంది. "అవ్వా, అక్కడ నిలబడ్డప్పుడు మీ అత్తగారి మేకలు కనిపించాయి," అంది.

అత్త పాప మెడ దగ్గర జారిన కొసను తీసి మళ్లీ దోపింది.

అద్దాల గదిలో కెమెరా వాళ్లు కెమెరాలు వదిలేసి అద్దానికి ముఖాలు ఆనించి నిలబడ్డారు. చివరి భాగమంతా నిలకడగా ఉన్న ఒక్క కెమెరాలోనే వచ్చిందట.

రోహిణి, నాలుగో పాదం

గెలిచింది. కీర్తివర్ధనే ముందు వచ్చి ఆమె చెయ్యి పైకెత్తాడు.

పొరను అద్దాల పెట్టెలో పెట్టడానికి ప్రభంజన్ వచ్చాడు. తబస్సుమ్ ఇవ్వనంది. ఇల్లు వద్దు, పొర ఊరిదంది. సంతకం ఉంది కదా అన్నాడు ఆయన. సంతకం చింపెయ్యమంది. గొంతులు పెరిగాయి.

"ఇచ్చెయ్‌మే," అంది అత్త. "మీ అమ్మను నీడన కూర్చోబెట్టు. ఊరి పొరలన్నీ తెరుచుకున్యాయి గదా. దేనికో ఒకదానికి అంచు లావెక్కకపోతాదా?"

"ఎక్కకపోతే?"

"అప్పుడు నిన్ను తిట్టుకుంటాం. నీ పేరు గుర్తుండాదిలే."

పాప నవ్వలేక నవ్వింది. పొర విప్పి తనే పెట్టెలో పరిచింది. మడతలు చెదరకుండా చాలాసేపు సర్దింది. పోయేటప్పుడు అత్త గోచి కట్టును ఇంకోసారి చూసి పోయింది.

అన్నేసి ఎండలు చూడని పొర తల్లి అయిన సంగతి మా ఊళ్లో ఎవరూ ఎరుగరు. నల్లబండ ఖాళీగా ఉంటే బాగుండదని ఎండిన తల్లిని తీసి, నా పొరను పరిచాను.

మృగశిర కార్తె, మొదటి పాదం

మబ్బు పట్టింది. వాన ఇంకా లేదు. మధ్యాహ్నాలు మేకలను మేపుకుంటున్నాం. పొరలు మాసిపోయాయి.

ఈ పూట ప్రభంజన్ ఫోను చేశాడు. గొంతు బాగా లేదు. పొర పెట్టెలో పెట్టిన మర్నాడే ముడుచుకుందట. ఇప్పుడు నల్లబడుతోందట. గంజి పోశారు, బెల్లం నీళ్లు పోశారు, వైద్యులను పిలిచారు. దేశమంతా దాన్ని చూడటానికి వరుస కట్టింది.

"ఏం తింటుందమ్మా అది? ఏదైనా తెప్పిస్తాం."

"ఎండ పెట్టండి," అన్నాను.

"ఎండ ఎక్కడుందమ్మా ఇక్కడ? కప్పు కింద మాకు ఎండ లేదు."

"ఉండాది. కప్పు చివర ఉండాది. తబస్సుమ్‌ను అడగండి. ఆ పాప ఖాళీ చేసిన ఇంట్లోకి మధ్యాహ్నం దాకా పడ్తాది."

రాసుకుంటున్న చప్పుడు వినిపించింది. పెట్టెను అక్కడికి మారిస్తే చూసేవాళ్లంతా కప్పు చివరికి నడవాల్సి వస్తుందని గొణుక్కున్నాడు. నడిస్తే నడుస్తారులే అన్నాను.

ఫోను పెట్టేసి గంజి పోయడానికి పోయాను. నల్లబండ మీద నా పొర ఒకవైపు కొంచెం లేచినట్టు కనిపించింది. మడత పడిందేమోనని వేలితో సర్దబోయాను. మడత కాదు. అంచు లావెక్కింది.

అత్తను పిలిచాను. వచ్చి వేలితో నొక్కి చూసింది. "గంజి కొంచెం పల్చగా పొయ్యి," అంది. "ఇది చిన్నపిల్ల గదా."

పోశాను. వంగి చెవి పెట్టాను.

తాగుతోంది.